మంచి నడవడి ఉత్తరం

సాన్ హొసేలో శరణార్థుల తరఫున ఫీజు తీసుకోకుండా వాదించే పెద్దావిడ ఇలియానా గారి గది. ఎదురుగా పొరుగు దేశం నికరాగువా నుంచి పారిపోయి వచ్చిన రొట్టెల కొట్టు యాదెర్. పాపం, ఆశ్రయం ఇమ్మన్న అతని దరఖాస్తు కొట్టేశారు; అప్పీలు వేయడానికి రేపే ఆఖరు రోజు.

“ఈ కాగితం నీ దరఖాస్తులో ఎవరు పెట్టారు?”

“నేనే, లాయరమ్మా.”

“నువ్వే! అదీ అన్నిటికంటే పైన!”

“పైనే కదా పెట్టాలి? మా దగ్గర కుళాయి కావాలన్నా, ఆస్పత్రిలో మంచం కావాలన్నా ముందు వీధిలోని అధికార పార్టీ కార్యదర్శి ఉత్తరం చూపించాలి. అది లేకపోతే మిగతా కాగితాలు ఎవడూ తిరగెయ్యడు.”

“ఇదేమన్నా మీ వీధా? ఏం రాసుందో విను. ‘యాదెర్ పొతోస్మె పార్టీకి నమ్మకస్తుడు. ఇతనితో ఎవరికీ ఏ పేచీ లేదు.’ పార్టీ మీద తిరగబడి రోడ్లకి అడ్డం కట్టిన కుర్రాళ్లకి రొట్టెలు పంచావని నీ కొట్టు తగలబెట్టినవాళ్లే ఇచ్చారా ఇది?”

“సరిహద్దులో చూపించడానికి...”

“సరిహద్దు దాటాక చించి పారెయ్యొద్దూ! పార్టీయే మెచ్చుకుంటే నిన్ను వేధించిందెవరని ఇక్కడివాళ్లు తిప్పికొట్టారు. ఇది అబద్ధమని తేల్చకపోతే నిన్ను ఇంటికి పంపేస్తారు.”

“ఇంటికి కాదు, జైలుకి.”

“అందుకే అడుగుతున్నా. సంతకం ఎవరిది?”

“కార్యదర్శిది.”

“ఆ మనిషికి పేరు లేదా?”

“ఉంటుంది లెండి.”

“ఉంటుంది లెండి ఏంటి! డబ్బిచ్చి రాయించావా?”

“ఛ, ఛ.”

“బెదిరించావా?”

“ఆవిణ్ణా?”

“ఆవిడా? ఆడమనిషా?”

“నేనేం అన్లేదు.”

“యాదెర్, ఆవిడ నీకేమవుతుంది?”

“అక్క. సొంత అక్క.”

“ఓరి నాయనా, ఇన్నాళ్లూ చెప్పవేం! తమ్ముణ్ణి దాటించడానికి అక్క అబద్ధం రాసింది. ఎవరైనా నమ్ముతారు. ఉండు, రాస్తున్నా.”

“వద్దు, రాయొద్దు!”

“ఫైలు గుట్టుగా ఉంటుందయ్యా.”

“మా దగ్గరా అలాగే అనేవాళ్లు. ఈ ఊళ్లో మావాళ్లు వేలమంది. ఎవడు ఎవడికి ఫోను చేస్తాడో మీకు తెలీదు. పార్టీ కాగితం మీద అబద్ధం రాసిందని తెలిస్తే అక్కని లోపలేస్తారు.”

“అయితే ఆవిణ్ణీ ఇక్కడికి రమ్మను. ఈ రాత్రికే బయల్దేరమను.”

“రాలేదు. పాప ఉంది.”

“పాపని కూడా తెచ్చుకుంటుంది.”

“పిల్లని దేశం దాటించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. తల్లి లేదు. తండ్రి ఈ ఊళ్లో ఉన్న మా దేశపు కాన్సులేటు ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టాలి.”

“పెట్టమను. ఎవరు ఆ తండ్రి?”

“నేనే.”

“...నీ పాపా?”

“మొన్ననే నాలుగేళ్లు నిండాయి. నేను ఆ ఆఫీసు గడప తొక్కితే పార్టీకి దొరికిపోతాను. అక్క తప్ప దానికి ఎవరూ లేరు.”

“మరి అప్పీల్లో ఏం రాయమంటావ్, నాయనా?”

“ఉత్తరంలో ఉన్నది అక్షరాలా నిజమని రాయండి. సంతకం పెడతాను.”