మునిప్రసాద్ ఊరు విడిచి పోలేదు

నా పేరు పంకజాక్షి. భర్త రాజారత్నం, లేరు. వయసు యాభై ఎనిమిది. రేణిగుంట రైల్వే స్టేషన్ దగ్గర టిఫిన్ అంగడి నడుపుతున్నాను. మేజిస్ట్రేటు గారు అడిగినందున, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

మునిప్రసాద్ నా ఒక్కగానొక్క కొడుకు. భానుచందర్ అనే ఆయన గోడౌనులో సూపర్‌వైజరుగా పనిచేసేవాడు. 2019 ఆగస్టులో ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని తినలేదు. "అమ్మా, బియ్యం మూటల కింద ఎర్రచందనం దుంగలుండాయి. ఫారెస్టోళ్లకు చెప్తానని ఓనరుతో అనేసినా" అన్నాడు. మరునాడు పనికి పోయినవాడు తిరిగి రాలేదు.

రెండు రోజుల తర్వాత భానుచందర్ మా ఇంటికి వచ్చాడు. నేనూ, నా కోడలు రూపశ్రీ ఇంట్లోనే ఉన్నాము. "మీవోడికి మద్రాసులో ఎవరో ఆడమనిషి ఉండాదంట. నేనే బస్సెక్కించినా. ఎతకబాకండి" అన్నాడు. పోలీసులకు ఫిర్యాదు ఇస్తే, ఇష్టపడి వెళ్లిపోయాడని రాసుకున్నారు.

ఆ తర్వాత ఆరేళ్లు తిరిగాము. గుర్తు తెలియని శవం దొరికితే పిలిచేవాళ్లు. రెండుసార్లు పరీక్షకు నా రక్తం తీశారు. ఒకసారి పట్టాల మీద దొరికిన అబ్బాయి కోసం, ఒకసారి చిత్తూరు ఆస్పత్రి మార్చురీలో ఉన్న అబ్బాయి కోసం. రెండుసార్లూ కాదన్నారు. కాదన్నందుకు సంతోషపడాలో ఏడవాలో తెలియక ఇంటికి వచ్చేశాము. రూపశ్రీ మొగుణ్ణి నిలుపుకోలేకపోయిందని వీధిలో అన్నారు. ఆ అమ్మాయి పుట్టింటికి పోలేదు. నాతో పాటు అంగడికి పిండి రుబ్బింది.

పోయిన జూన్‌లో ఆ గోడౌను చేతులు మారింది. కొత్తవాళ్లు వెనకున్న పాత బావిలో పూడిక తీయిస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. ఫోరెన్సిక్ అధికారి అమల గారి మనుషులు బావి మట్టినంతా జల్లెడ పట్టారు. మేమిద్దరం రేకుల నీడన కూర్చుని చూశాము. అమల గారు నా దగ్గరికి వచ్చి, "చిన్నప్పుడు మీ అబ్బాయికి చెయ్యి విరిగిందా అమ్మా?" అని అడిగారు. "ఎడం చెయ్యి. మూడో తరగతిలో సైకిల్ మీంచి పడినాడు" అన్నాను. ఆమె అది కాగితం మీద రాసుకున్నారు. మళ్లీ రక్తం ఇచ్చాను.

సెప్టెంబరులో ఎస్సై గారు పిలిచి, డీఎన్ఏ కలిసిందనీ, పుర్రె వెనక వైపు దెబ్బకు పగిలి ఉందనీ చెప్పారు. నేను కూర్చుండిపోయాను. రూపశ్రీ నిలబడే ఉంది. "ఆయన నన్నిడిసి యాడికీ పోలేదత్తా" అంది. మళ్లీ అంది. "యాడికీ పోలేదు. ఈడనే ఉండినాడు." ఇన్నేళ్లలో ఆ పిల్ల గట్టిగా ఏడవడం అదే మొదటిసారి.

మా ఇంటికి తానెప్పుడూ రాలేదని భానుచందర్ ఇప్పుడు అంటున్నాడట. వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఎన్నిసార్లు పిలిచినా కోర్టుకు వచ్చి ఇదే చెబుతాను. నాకు ఓపిక లేకపోతే రూపశ్రీ చెబుతుంది.

రాసినది నాకు చదివి వినిపించారు. అందులో నా కోడలిని "భర్త వదిలేసిన స్త్రీ" అని రాశారు. అది కొట్టించి "మునిప్రసాద్ భార్య" అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. నిజం.

(సంతకం) పంకజాక్షి