బానెట్ కింద కాఫీ కెటిల్

హవానాలో ఒక ఇంటి ముందు టాక్సీగా తిరిగే ముసలి అమెరికన్ కారు. దాని బానెట్ ఎత్తి ఉంది. పక్కన ఒస్వాల్దో, అతని భార్య యామిలే.

"కాఫీ కెటిల్ ఏదంటే మాట్లాడవేంటే?"

"పనిలో ఉంది."

"కెటిల్‌కి పనేంటి?"

"బానెట్‌లోకి చూడు."

"ఓసినీ... ఇంజనుకి కాఫీ పోస్తున్నావా?"

"ఆ గొట్టం చూడు. పిస్టన్ల సందుల్లోంచి కాస్త పొగ నూనెలోకి జారుతుంది కదా? అది బయటపడేది అందులోంచే. ఇంజనుకి అదే ముక్కు. వచ్చేటప్పుడు నూనె తుంపర్లు కూడా వెంటేసుకొస్తుంది. అందుకని గొట్టాన్ని కెటిల్లోకి పెట్టి, లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కాను. తుంపర్లు పీచుకి తగిలి అడుక్కి దిగుతాయి. ఒట్టి గాలి కొమ్ములోంచి పైపు గుండా కారు కిందికి పోతుంది."

"ఇప్పుడెందుకే ఇదంతా? ఇంజను పోయిందని మెకానిక్ ఫెర్మినే చెప్పాడు. పాపం, తనే కొనుక్కుంటానని వస్తున్నాడు కూడా."

"మా నాన్న కారు నేనమ్మను. స్టార్ట్ చెయ్యి."

"చేస్తే ఏముంది, అన్ని అతుకుల్లోంచీ నూనె..."

"చెయ్యవయ్యా."

"సరే, సరే... ఇదిగో."

"ఏదీ నూనె?"

"కారట్లేదే! పొగ కూడా... ఏం చేశావే?"

"ముక్కులో బిరడా తీశాను. రమ్ము సీసా బిరడా. నీదే."

"అదీ... మీ అమ్మ వెనక సీట్లో కూచుని కంపు కంపు అని ఒకటే గోల..."

"మా అమ్మని ఇందులోకి లాగకు. పోయినేడు కుక్కర్ విజిల్ మూసుకుపోతే ఏమైంది?"

"నల్ల చిక్కుళ్లు ఇంటికప్పుకి అంటుకున్నాయి."

"ఇదీ అంతే. ఊపిరి వదిలే దారి మూసేస్తే, దొరికిన సందులోంచల్లా నూనె కక్కింది."

"నా బుర్ర తగలెయ్య. కారు పోతోందని ఎంతేడ్చానో."

"చూశాను. అందుకే పొద్దుటి కాఫీ త్యాగం చేశాను. ఒక్కటి చెప్పు, బిరడా పెడితే కంపు పోతుందన్న తెలివి నీదేనా?"

"నాకంత తెలివెక్కడిది?"

"మరెవరిది?"

"అదే... అదిగో, గేటు దగ్గర హారన్ కొడుతున్నాడే... ఫెర్మిన్‌ది."