పదకొండు మంది రావులు, ఒక్క సంజాయిషీ

సభకు అధ్యక్షత వహిస్తున్న పర్సనెల్ ఆఫీసరు శ్రీ వెంకటరావుగారికీ, ముందు వరసలో కూర్చున్న పెద్దలకూ, వెనక ఉప్మా గంగాళం పక్కన కూర్చున్న మరింత ముందుచూపుగల పెద్దలకూ, ఈ ప్రసంగం నిన్న రెండుసార్లు విని రెండుసార్లూ బాగోలేదని చెప్పిన మా ఆవిడ రమాదేవికీ నమస్కారం. (నవ్వులు)

పొద్దున సాహెబులు పెట్టిన వీడ్కోలు సభలో నా గురించి హిందీలో చాలా మంచి మాటలు చెప్పారు. సగం నాకు అర్థం కాలేదు, అర్థమైన సగం నా గురించి కాదు. ఇది మనవాళ్లం మన కేంటీన్ హాల్లో పెట్టుకున్న సభ కనక ఉన్నమాటే చెప్పుకుందాం. ఇందాక నీలకంఠం నన్ను కంప్యూటర్ బ్రహ్మ అన్నాడు. బ్రహ్మనే కావచ్చు, ఆయనకీ ఎవరూ గుళ్లు కట్టలేదు.

ఇరవై ఏళ్లు టెలెక్సు కొట్టినవాణ్ణి. ఎనభై ఏడులో ఈ కంప్యూటరు మెయిలు వచ్చినప్పుడు, ఏసీ గదిలో చలికి తట్టుకునేవాడెవడా అని వెతికి, ఏడాది పొడుగునా మఫ్లరు చుట్టుకునే ఈ గణపతిరావుని పంపారని టెల్కో కాలనీ బస్సులో చెప్పుకునేవారు. పదిహేను రోజులు ట్రెయినింగు ఇచ్చారు. విషయం ఇంతే. ఒక లిస్టుకి పేరు పెడతాం, దాని కింద మనుషుల పేర్లు రాస్తాం, లిస్టు పేరు మీద ఒక్క ఉత్తరం కొడితే అందులో ఉన్న అందరి టెర్మినల్స్‌కీ వెళ్లిపోతుంది. శుభలేఖలు పంచేవాడి పనే, సైకిలు తొక్కనక్కర్లేదు.

చిక్కల్లా మన పేర్లతో వచ్చింది. ఇక్కడి హిందీవాళ్లకి మన పేరు చివర రావు ఉంటే రావుసాబ్, లేకపోయినా రావుసాబే. స్టోర్సు తవిటయ్య ఉద్యోగంలో చేరిననాడు గుమస్తా "ఆగే క్యా హై?" అని అడిగి, తవిటయ్య తరవాత ఇంకేమీ లేదని తెలిసి జాలిపడి, టి. రావు అని రాసేశాడు. అలా మెషీన్లో పదకొండు మంది రావులం తేలాం. పైనుంచి ఉత్తరం వస్తే "రావుకి" అని వస్తుంది, ఏ రావుకో కొట్టినవాడికే తెలియదు. అందుకని నేను రావు అనే లిస్టు ఒకటి పెట్టాను. రావుకని ఏది వచ్చినా పదకొండు మందికీ వెళుతుంది, ఎవరిది వాళ్లు ఏరుకుంటారు. దీనివల్ల కర్మాగారం పనులు సాగాయి, మన పరువులు పోయాయి. ఎవరికి సెలవు ఇవ్వలేదో, ఎవరికి మెమో ఇచ్చారో సాయంత్రానికల్లా బర్మామైన్స్ నుంచి కద్మా దాకా ఊరంతా తెలిసిపోయేది. (నవ్వులు) నవ్వండి, మీరూ చదివినవాళ్లే కదా.

కిందటేడు మే నెలలో మన నీలకంఠం ఊరెళుతూ నా దగ్గరికొచ్చాడు. "బావా, నాను పది రోజులుండను. నా ఉత్తరాలు మనోల్లు ఎవులికైనా ఎల్లీలాగ సెయ్యి" అన్నాడు. ఎవరికని పెట్టను? ఒకరికి పెడితే ఇంకొకరు "మేం పనికిరామేటి?" అంటారు. మనవాళ్ల అలకలు తెలిసినవాణ్ణి కనక, పెళ్లిపిలుపులాగా ఒక్కరినీ వదలకుండా, నీలకంఠానికి వచ్చేవన్నీ రావు లిస్టుకే మళ్లించేశాను. ఆ లిస్టులో నీలకంఠం కూడా ఉన్నాడన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

ఆ సాయంత్రం కేంటీన్ నుంచి ఎవరో, టిఫిన్ డబ్బా మరిచిపోయిన రావు వచ్చి తీసుకెళ్లాలని ఉత్తరం కొట్టారు. అది పదకొండు మందికీ వెళ్లింది. నీలకంఠానికి వెళ్లినది లిస్టుకి తిరిగొచ్చి మళ్లీ పదకొండు మందికీ వెళ్లింది. అందులో నీలకంఠానిది మళ్లీ తిరిగొచ్చింది. పొద్దున షిఫ్టుకి వచ్చేసరికి ఒక్కొక్క రావుకీ నాలుగు వేల టిఫిన్ డబ్బాలు. డిస్కు నిండిపోయి మెషీను ఆగిపోయింది, ఆ పూట ఉత్పత్తి రిపోర్టు పైకి వెళ్లలేదు. నేను గుట్టుచప్పుడు కాకుండా ఆ మళ్లింపు తీసేసి, డబ్బాలన్నీ తుడిచేసి, మధ్యాహ్నానికి మెషీన్ని నడిపించాను. అందరూ భేష్ అన్నారు. తప్పు చేసినవాడే దాన్ని బాగుచేసి కొట్టేసే మెప్పు ఎంత తియ్యగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

మర్నాడు పైనుంచి మెమో వచ్చింది. "నిన్నటి వ్యవహారం మీద రావు ఇరవైనాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వవలెను." ఇచ్చిన సాహెబు కొత్తవాడు, మెషీను చూసేది ఎవరో రావు అని విన్నాడు తప్ప నా మొహం ఎరగడు. మెమో యథాప్రకారం లిస్టుకి వెళ్లింది. ఊరెళ్లిన నీలకంఠాన్ని తీసేస్తే పదిమందిమి. తొమ్మిదిమంది సంజాయిషీలు రాశారు. ఒకరు షిఫ్టులో కునుకు తీసినందుకు, ఒకరు బావమరిది పెళ్లికి జ్వరం తెచ్చుకున్నందుకు, ఒకరు కంపెనీ సబ్బు ఇంటికి పట్టుకెళ్లినందుకు. వారు ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను, అంతగా తల దించుకోనక్కర్లేదు. (నవ్వులు)

రాయనివాణ్ణి నేనొక్కణ్ణే. అది నాకేనని నాకు తెలుసు. ఇంతమంది రావుల మధ్య ఒక రావు దాక్కుంటే ఎవరు పట్టుకుంటారులే అనుకున్నాను. ఈ ముక్క మా ఆవిడకి నిన్న వినిపించలేదు.

తవిటయ్య సంజాయిషీ వాళ్లమ్మాయి అమ్మణ్ణి హిందీలో రాసిపెట్టింది. "మెషీన్ పర్ ముఝ్‌సే జో భీ గల్తీ హుయీ హో, మాఫ్ కీజియే." మెషీన్ దగ్గర నావల్ల ఏ తప్పు జరిగినా మన్నించండి అని. తొమ్మిది కాగితాల్లో మెషీను మాట ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే. మిగతావాటికి నవ్వుకుని ఊరుకున్న పైవాళ్లకి దొంగ దొరికాడు. వార్నింగు తవిటయ్య సర్వీసు రికార్డులో పడింది.

ఎందుకు రాశావయ్యా అని అడగడానికి వాళ్లింటికెళ్లాను. "ఆ రోజు దాన్ని ముట్టుకున్నాను గదా బాబూ. ఏటి సేసీసినానో నాకేటి తెల్సు" అన్నాడు. అప్పుడైనా చెప్పి రావలసింది. అమ్మణ్ణి ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉందండీ.

పదహారు నెలలైంది. ఈ పదహారు నెలల్లో తవిటయ్య ఆ టెర్మినల్ మీద వేలు పెట్టలేదు. తనకొచ్చిన ఉత్తరాలు పక్కవాళ్ల చేత చదివించుకుంటాడు. ఏ తప్పూ చెయ్యని మనిషికి తన చేతులంటేనే భయం పుట్టించాను. సోమవారం స్టోర్సు ఇన్‌చార్జి పోస్టుకి ఆయనకి ఇంటర్వ్యూ ఉంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఉన్నది ఒక్కటే మచ్చ, అది నాది.

తవిటయ్యా, లేవకు, కూర్చో. పోనీలెండి బాబూ అంటావని తెలుసు, అందుకే మైకు నీకివ్వట్లేదు. ఆ రోజు నువ్వు చేసిన తప్పేమీ లేదు. రేపటినుంచి ఆ మీటలు నీ ఇష్టమొచ్చినట్టు నొక్కు.

అధ్యక్షులవారూ, ఇది నా సంజాయిషీ, కాగితం మీద రాసే తెచ్చాను. దండ మెడలో వేసుకుని ఇవ్వడం బాగోదు, ఇదిగో తీసి బల్ల మీద పెడుతున్నాను. పొద్దున సాహెబుకే ఇవ్వాలనుకున్నాను. హిందీ రాక కాదు, ధైర్యం రాక ఇవ్వలేకపోయాను. ఆ వార్నింగులో తవిటయ్య పేరు కొట్టేసి నా పేరు రాయండి. రిటైరైనవాడికి వార్నింగు ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవంటారేమో. సైరన్ ఐదింటికి. ఇప్పుడు నాలుగూ నలభై. ఇంకా ఇరవై నిమిషాలు నేను మీ ఉద్యోగినే.

ఇన్నాళ్లూ నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. అధ్యక్షులవారి సంతకం పడేదాకా ఈ మైకు దగ్గరే నిలబడతాను. అది పడ్డాకే సెలవు.