దారాలు కట్టిన చేపలు

1994 వేసవి. రాయపూర్ గుఢియారీలో ఒక రైల్వే క్వార్టరు. భీమిలి నుంచి ఐసుపెట్టెతో వచ్చిన మేనకోడలు స్నానం చేసి వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది.

"అత్తా, నా కానాగంతలేవి?"

"పులుసులో ఉన్నాయి. మనూరి నుంచి ఎవరొచ్చినా మాకు చేపలు తేవడం మామూలే కదా! గుస్సా ఎందుకు?"

"పరీక్షకి తెచ్చానే వాటిని! భీమిలి చేప, కాకినాడ చేప, బందరు చేప ఒకే వంశమో కాదో నేను వెళ్తున్న నాగపూర్ లాబ్‌లో తేలుస్తారు."

"చేపలకి వంశమేంటి, ఫాల్తూ మాటలు!"

"ఫాల్తూనా? ఒకే వంశమైతే మన దగ్గర తగ్గినా పక్క రేవు నుంచి వస్తాయి. వేరైతే మనవి అయిపోతే ఇక అంతే. మీ తమ్ముడి వల ఖాళీగా వస్తోంది, తెలుసా? ఏ రేవుదో తెలియాలని తోకలకి రంగుదారాలు కట్టాను. అవేవి?"

"దారాలతో వండుతారా ఎవరైనా? రెక్కలూ తోకలూ కోసి దొడ్లో పారేశాను. పిల్లులు తినేశాయి. ముక్కలున్నాయిగా, అవి పట్టుకెళ్లు."

"ఉడికిన ముక్కలెందుకు నాకు? గోరంత రెక్కముక్క చాలు. స్నానం చేసొచ్చి అది కోసుకుని, చేపలన్నీ నీకే ఇద్దామనుకున్నాను!"