పాట దిక్కుకి పడవ

కర్పు అని ఒక పడవోడు ఉండేవాడంట. మన ఏసయ్య పైకి పోయి ఇంకా ఎంతో కాలం కాలా, రోమా రాజులు ఏలే రోజులవి. ఆ దేశంలో ఒక ఏరు, ఆ ఏరు సముద్రంలో కలిసే చోట ఒక రేవు, ఆ రేవులో ఈడి పడవ. ఈడికో పెళ్లాం, రోదమ్మ. ఆమెకో తమ్ముడు, స్తాకు. ఏం పేర్లే అవి అంటారేమో, ఆ దేశంలో పేర్లు అట్టనే ఉంటయ్, మన పేర్లు వాళ్లకి నోరు తిరుగుద్దా ఏంది? బావా బావమరదీ ఇద్దరూ ఒకే పడవ మీద. ఈడు ఒక తెడ్డు, ఆడు ఒక తెడ్డు. కర్పుది ఎడం చెయ్యి బరువు, వద్దన్నా పడవ పక్కకి లాగిద్ది, స్తాకు తిడతానే ఉండేవాడు, ఈడు నవ్వుతానే ఉండేవాడు. అట్టా సాగిపోయేది. అప్పుడు మనకి మల్లే గుళ్లూ గంటలూ ఏమున్నయ్? సంగం అంటే ఎవురిదో ఒకరి ఇల్లే. ఏటికి అవతల జమ్ముగడ్డి మధ్యన పెర్సమ్మ అనే ఆవిడ ఇల్లు ఉంటే అదే సంగం. ఆమె రొట్టెలు చేసిద్ది, ఆమె మొగుడు వచ్చినోళ్లకి కాళ్లకి నీళ్లిస్తాడు. ఆదివారం తెల్లారకముందే ఇవతల ఒడ్డు నించి విశ్వాసులు ఒక్కొక్కరే వచ్చేవాళ్లు, చప్పుడు లేకుండా, దీపం లేకుండా. కర్పు వాళ్లని దాటించేవాడు. ఆదివారం నాడు ఎవురిచ్చినా కూలి పుచ్చుకునేవాడు కాదంట. వాళ్లు ఆడ పాడతా ఉంటే ఆ పాట నీళ్ల మీదుగా ఇవతలకి వచ్చేది. మంచు పట్టినప్పుడైతే ఒడ్డూ కనపడదు, ఏరూ కనపడదు, ఆకాశం ఏదో నీళ్లేవో తెలవదు, పాట మాత్రం వినపడిద్ది. ఏరే పాడుతుందా అన్నట్టు ఉండేదంట.

అయితే ఏమైందంటే, అట్టాంటి ఒక మంచు ఆదివారం నాడు, కర్పు అందర్నీ దాటించి, స్తాకుని గూడా ఆడ దించి, రోదమ్మని తీసుకుపోదామని ఒక్కడే ఇవతలకి వచ్చాడు. ఆమె పచ్చి బాలెంతరాలు, చంటిబిడ్డని ఎత్తుకుని నిదానంగా వస్తంది. ఈడొచ్చి చూస్తే రేవులో రోదమ్మ లేదు, రాజు బంట్లు ఉన్నారు. ఒకడి చేతిలో రాజు బొమ్మ, ఇంకొకడి చేతిలో నిప్పుల మూకుడు. రాజే దేవుడని చెప్పి ఇంత సాంబ్రాణి నిప్పుల్లో ఎయ్యరా అన్నారంట. ఎయ్యకపోతే? ఎయ్యకపోతే ఏముందీ, కత్తి. ఈడికి పెళ్లాం కళ్లముందు ఆడింది, బిడ్డ కళ్లముందు ఆడింది. రెండు వేళ్లతో తీసి ఏసేశాడు. ఏసేశాడమ్మా! పొగ ఇంత లేచింది, మంచులో కలిసిపోయింది. అంతటితో అయిపోయినా బాగుండేది. మీవాళ్లు యాడున్నార్రా అన్నారు. ఈడు చెప్పలా. నోరు తెరవలా. అంతలో ఏటి మీదనించి పాట వచ్చింది. ఆ బంటు చెవి పెట్టి విని, ఓహో, అయితే ఆ పాట దిక్కుకి పోనీరా పడవ అన్నాడు. పోనిచ్చాడు. నోటితో ఒక్క మాట చెప్పలా, తెడ్డేశాడు, అంతే. ఆలోచించండి మీరు. అంత మంచు. ఏరు ఈడిది. పడవ ఈడిది. తిప్పి సముద్రం మొగాన పెట్టినా వాళ్లకేం తెలిసిద్ది? జమ్ములో ఇరికించి ఇసక తగిలిందయ్యా అన్నా సరిపోయేది. ఆ తరవాత బతికినంత కాలం ఆ పడవని మనసులో తిప్పుతానే ఉన్నాడంట పాపం. కానీ ఆ రోజు తిప్పలా. ఒడ్డు తగిలింది, వాళ్లు దూకారు, పాట ఆగిపోయింది. పాట ఆగిపోతే ఏరు ఎంత పెద్దదో అప్పుడు తెలిసిందంట ఈడికి.

దొరికినోళ్లు దొరికారు, జమ్ములోబడి పోయినోళ్లు పోయారు. దొరికినోళ్లలో స్తాకు ఉన్నాడు, పెర్సమ్మ మొగుడు ఉన్నాడు. అందర్నీ గొలుసులేసి యాడనో కొండల్లో రాళ్లు కొట్టే చోటికి తోలుకుపోయారు. కర్పు ఇంటికొచ్చాడు. రోదమ్మకి అప్పటికే తెలిసింది. ఏడవలా, తిట్టలా. బిడ్డని ఊపుతా, నీకు కూడు పెడతాను, గుడ్డలు ఉతుకుతాను, నన్ను మాట మాత్రం అడక్కు అందంట. అట్టనే చేసింది గూడా. ఇంట్లో బిడ్డ ఏడుపు తప్ప మాట లేదు. ఈడు పగలు పడవేస్తాడు, పడుకుంటే కలలో గూడా పడవే. కలలో ఏరు ఉంటది గానీ ఒడ్డు ఉండదు. ఇటునించీ పాట, అటునించీ పాట. ఎటు తిప్పినా పాట దూరమైద్ది గానీ దగ్గర కాదు. ముందు తెడ్డు కాడ స్తాకు కూచుని ఉంటాడు, ఈడికి వీపే కనపడిద్ది. స్తాకూ, స్తాకూ అంటాడు, ఆడు తిరగడు. మెలకువొచ్చి చూసుకుంటే చేతి వేళ్లకి సాంబ్రాణి వాసన. ఇసకేసి తోముకున్నా, బూడిదేసి తోముకున్నా పోలా. వాసన చేతిలో ఉంటే గదా పోటానికి?

కొన్నాళ్లకి సంగం మళ్లీ కూడుకుంది. పెర్సమ్మ ఇంట్లోనే. మొగుణ్ణి తోలుకుపోయినా ఆమె తలుపు ముయ్యలా, చూడండి. కర్పు ఇంక ఉండలేక సంగం పెద్దయ్య కాళ్లమీద పోయి పడ్డాడు. అయ్యా, నేను ఏసయ్యని కాదన్నాను, నా చేత్తోనే అందర్నీ పట్టిచ్చాను, నాకు దారి ఉందా అని. పెద్దయ్య గూడా ఏడ్చాడంట. ఏడ్చి, దారి ఉంది నాయనా, కాకపోతే అది గడప బయట మొదలైద్ది అన్నాడు. అప్పటి కట్టుబాటు అది. ఇప్పట్లా తప్పైపోయింది పాస్టరుగారూ అని చెప్పి, ప్రార్దన చేయించుకుని, టీ తాగి పోటం కాదు. గడప బయట నిలబడాల. లోపలికి పోయేవాళ్లని, అయ్యా నాకోసం ప్రార్దన చెయ్యండి, అమ్మా నాకోసం అడగండి అని బతిమాలుకోవాల. ఏసయ్య పేరున రొట్టె ఇరిచి పంచుకునేటప్పుడు లోపల తలుపేస్తారు, ఈడు బయటే. ఎన్నాళ్లు? సంగం రమ్మన్నదాకా. తమాషా ఏందంటే, వాళ్లందర్నీ దాటించేది మళ్లీ ఈడే. పడవలో ఎవురూ ఎక్కువ మాట్లాడరు. దించి, పడవ కట్టేసి, వాళ్లకంటే ముందు పరిగెత్తి పోయి గడప కాడ నిలబడి అడుక్కుంటాడు. కొందరు తల మీద చెయ్యేసి పోయేవాళ్లు. కొందరు ఊ అనేవాళ్లు. పెర్సమ్మ మాత్రం తన ఇంటిముందు నిలబడ్డ మనిషిని గాలిని చూసినట్టు చూసి పోయేదంట. ఈడు ఆమెని మాత్రం అడిగేవాడు కాదు. నోరు రాదు. వానొస్తే వానలోనే. ఒకరోజు వాన దంచి కొడతంటే తలుపు కొంచెం తెరుచుకుని రోదమ్మ బయటికొచ్చింది, ఈతచాప ఒకటి తెచ్చి మొగుడి నెత్తి మీద పట్టుకుని నిలబడింది, ఆరాధన అయిందాకా. మాట లేదు. చాప మాత్రం పట్టింది. ఆ వానలో ఈడికి లోపలి పాట నీళ్ల అడుగునించి వస్తన్నట్టు వినపడిందంట, అందులో కలిసి మెల్లగా ఈడూ పాడుకున్నాడంట.

అట్టా ఏళ్లు పోయినయ్. బిడ్డ నడిచింది, పరిగెత్తింది. ఆ రాజు చచ్చాడు, ఇంకో రాజు వచ్చాడు. ఆ కొత్త రాజుకి ఏం బుద్ధి పుట్టిందో కొండల్లో ఉన్నోళ్లని వదిలేశాడు. ఒక ఆదివారం పొద్దున, అందర్నీ దాటించి కర్పు చివరి తడవకి ఇవతలకొచ్చాడు. మళ్లీ అదే మంచు. పడవో... అని రేవులో ఒక కేక. గొంతు తెలుసు. మంచులోంచి ఒక ముసలోడు వచ్చాడు, కర్రమీద ఒక కాలు ఈడ్చుకుంటా. ముసలోడు కాదు గానీ అట్టా అయిపోయాడు. ఒక కన్ను తీసేశారు, రెండోది మసక. కాలి నరం కోసేశారు పారిపోకుండా. స్తాకు. పెర్సమ్మ ఇంటికి దాటించు నాయనా అన్నాడు. ఈడు పలకలా. పలికితే తెలిసిపోద్ది గదా! చంకలో చేతులేసి పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి పడవలో కూచోబెట్టాడు. తెడ్డేశాడు. మంచులో ఇద్దరే. నీళ్లు తెడ్డుకి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏటి మధ్యకి వచ్చేసరికి స్తాకు మెల్లగా, బావా, ఎడం చెయ్యి ఇంకా బరువుగానే ఏస్తన్నావు, పడవ పక్కకి పోతంది అన్నాడు.

కర్పు చేతులు ఆగిపోయినయ్. పడవ దానంతట అది తిరుగుతా ఉంది. కర్పు, వాళ్లని తెచ్చింది నేనేరా అన్నాడు. తెలుసు బావా, ఆ రోజు పాడతానే నీ తెడ్డు చప్పుడు విన్నాను, మా అక్కని తీసుకొస్తన్నావనుకుని తలుపు నేనే తీశాను అన్నాడు స్తాకు. అంతే, కర్పు పడవలో బోర్లా పడి ఏడ్చాడు. చిన్నపిల్లోడు ఏడ్చినట్టు. స్తాకు ఏడవనిచ్చాడు. ఏడిచినంతసేపూ ఏడవనిచ్చి అప్పుడు చెప్పాడంట. బావా, ఆడ రాయి కొట్టేటప్పుడు ప్రతి రాయీ నీ మొగమే అనుకుని కొట్టాను. మా తప్పులు క్షమించు, మేమూ క్షమిస్తన్నాం అని అందరూ ప్రార్దన చేసేవాళ్లు, ఆ మాట కాడికి వచ్చేసరికి నేను నోరు మూసుకునేవాణ్ణి. ఒక్కసారి గూడా అన్లా. నన్ను చూసి భక్తుడు భక్తుడు అనేవాళ్లు, లోపల ఇది. మరి ఇప్పుడో, ఇప్పుడు క్షమించావా అన్నాడు కర్పు, తల ఎత్తకుండానే. ఏమో బావా, నన్ను ఎత్తినప్పుడు నీ చేతులు వణికినయ్, అది తెలిసింది నాకు, ముందు ఒడ్డుకి పోనీ అన్నాడు.

ఒడ్డు చేరారు. కర్పు ఆణ్ణి వీపున ఏసుకుని జమ్ములోబడి మోసుకుపోయాడు. స్తాకు వచ్చాడు, స్తాకు వచ్చాడు అని ఇల్లంతా లేచింది. రోదమ్మ వచ్చి తమ్ముడి మొగం చేతుల్లో పట్టుకుని, వేలితో తడిమి తడిమి చూసుకుంది. పెద్దయ్య ఎదురొచ్చాడు. రా నాయనా, దెబ్బలు తిని నిలబడ్డ సాక్షివి, నా పక్కన కూచుందువు రా అన్నాడు. స్తాకు గడప కాడ కర్ర ఆనించి నిలబడిపోయాడు. నేను ఇక్కడే ఉంటానయ్యా, మా బావ పక్కన అన్నాడు. అదేందిరా అంటే, ప్రార్దనలో దాటేసిన మాట సంగతి అందరిముందూ చెప్పాడు. ఆయన బయట నిలబడాల్సినోడైతే నేనూ అంతే అన్నాడు. ఇంక గోల. కొందరు ఇద్దర్నీ లోపలికి రానీయండి అంటారు. కొందరు, అట్టా ఎట్టా, ఇయ్యాల ఈణ్ణి రానిస్తే రేపు ఇంకో పడవోడు తెడ్డేస్తాడు, కొండల్లో సచ్చినోళ్లకి ఏం చెబుదాం అంటారు. వాళ్లదీ తప్పులేదు, నన్నడిగితే.

సచ్చినోళ్లు అనేసరికి పెర్సమ్మ ముందుకొచ్చింది. మా ఆయన రాలేదే అంది. పోయాడక్కా, మొదటి చలికాలమే అన్నాడు స్తాకు. ఏమన్నా చెప్పి పోయాడా అంది. ఆడికి ఏదో ఒక మంచిమాట చెబుదామనిపించింది గానీ అబద్ధం నోటికి రాలేదంట. ఏమీ చెప్పలా అక్కా, నిద్దరలో పోయాడు, నా పక్కనే, తెల్లారి చూసేసరికి చల్లబడి ఉన్నాడు అన్నాడు. ఆమె ఊ అంది. ఊ అని లోపలికి పోయింది. ఇంక తలుపేసుద్ది అనుకున్నారు అందరూ. కర్పు కళ్లు మూసుకున్నాడు. ఆమె లోపల్నించి రొట్టెల తట్ట ఎత్తుకుని వచ్చింది. గడప దాటి వచ్చి, వాకిట్లో దించింది. ఇల్లు నాది, ఈ మనిషిని లోపలికి రా అనటానికి నాకు నోరు రాదు పెద్దయ్యా, మీరే బయటికి రండి, ఈడ ఇరవండి రొట్టె అందంట. పెద్దయ్య ఆమె మొగం చూశాడు, చెప్పులు గూడా లేకుండా గడప దిగాడు. ఆయన వెనక ఒక్కొక్కరే దిగారు. వద్దన్నోళ్లు కూడా కాసేపు గుంజకానుకుని చూసి చూసి, ఖాళీ ఇంట్లో ఏం జేస్తారు, దిగారు. మంచు ఇంకా ఉంది. అందులో అందరూ నీడల్లా నిలబడ్డారు, ఎవురు సాక్షో ఎవురు పాపాత్ముడో ఆ మంచులో ఏం తెలిసిద్ది. ప్రార్దన చేశారు. ఆ మాట కాడికి వచ్చేసరికి స్తాకు ఆగాడు, ఆగి అన్నాడు. పెద్దయ్య రొట్టె ఇరిచాడు. అందరికీ ఇచ్చి కర్పు కాడికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. పెర్సమ్మ ఆ ముక్క ఆయన చేతిలోంచి తీసుకుని కర్పు చేతిలో పెట్టింది. ఈడు దాన్ని నోట్లో పెట్టుకోలా. అక్కా, నన్ను క్షమించావా అన్నాడు. క్షమించానని ఎవురు చెప్పారు నీకు? తిను, అది రేపు చూద్దాం అంది.

తిన్నాడు. ఏడుస్తా తిన్నాడు. ఇంటికి పోయేటప్పుడు పడవలో రోదమ్మ, నీళ్లు చల్లగా ఉన్నయ్ అందంట. ఎవురితో అందో ఏమో గానీ ఆమె ఎదురుగా తెడ్డేస్తంది మొగుడే. ఆ తరవాత కర్పు చచ్చిందాకా పడవేశాడు, పెర్సమ్మకి ఏరు దాటాల్సిన పని పడితే ఈడి పడవే ఎక్కేది. నాకు ఈ కథ మా మేనత్త చెప్పింది. చిన్నప్పుడు నేను ఊరుకోకుండా, అత్తా, రేపు చూద్దాం అంది గదా ఆమె, మరి ఆ రేపు వచ్చిందా అని అడిగాను. మా అత్త చాటలో బియ్యం చెరుగుతా చెరుగుతా, యాడొచ్చిద్దే పిచ్చిదానా, పొద్దున లేచేసరికి అది ఇయ్యాలై కూచుంటంటే? వాళ్లు మాత్రం కలిసి తింటానే ఉన్నారులే, నువ్వు లేచి పొయ్యి కింద పుల్ల ఎగదొయ్యి అంది.