మూడొందల మంగళవారాలు

పగలు మూడున్నర. ఫోన్ రీచార్జి కొట్టు. కౌంటరుకి అవతల కొట్టు నడిపే అక్క. ఇవతల, చొక్కాల సంచి ఒళ్ళో పెట్టుకుని, టైలరు దగ్గర కాజాలు కుట్టే ఆమె.

"...తప్పు చూశావక్కా. ఇంకోసారి చూడు."

"రెండుసార్లు చూశాను చెల్లెమ్మా. పదమూడు వేల నాలుగొందల తొంభై."

"ఆ కార్డులో పద్ధెనిమిది వేలుండాలి. మంగళవారం మంగళవారం మూడొందలు. అరవై మంగళవారాలు. రోజూ కాజాలు లెక్కపెట్టేదాన్ని, నాకు లెక్క తప్పదు."

"నీ లెక్క తప్పలేదు. వాళ్ళ లెక్క వేరే ఉంది."

"ఎవరు వాళ్ళు?"

"కార్డు కంపెనీ వాళ్ళు. ఇదిగో, వరసగా కోసుకున్నారు. నువ్వు డబ్బు వేసిన ప్రతిసారీ పదిహేను."

"నా డబ్బు నేను వేసుకుంటే పదిహేనా?"

"నెలకి నూటయాభై, కార్డు ఉన్నందుకు."

"ఉన్నందుకు?"

"ఉన్నందుకే. మూడు నెలలు దాటినా దాంతో ఏమీ కొనలేదని, అక్కణ్ణుంచి నెలకి రెండొందలు."

"కొనకూడదనే కదక్కా దాచుకుంది!"

"నామీద అరవకు. ఇదేంటి... ఇరవై, ఇరవై, ఇరవై. వారం వారం ఉంది. ఏటీఎం మిషన్ దగ్గరకెళ్ళి ఎంతుందో చూసుకునేదానివా?"

"...చూసుకునేదాన్ని."

"ఇక్కడ వేసిందానివి, మళ్ళీ అక్కడ చూడ్డం దేనికి?"

"ఊరికే. ఆ అంకె చూస్తే ఇంటికెళ్ళడానికి కాస్త ఓపికొచ్చేది."

"చూసినందుకు ఇరవై."

"ఇవేవీ నువ్వు చెప్పలేదు. కార్డు అమ్మినప్పుడు 'బ్యాంకు గొడవ లేదు, నీ డబ్బు నీ చేతిలో' అన్నావ్."

"అన్నాను. కార్డుకి నాకు నలభై ఇస్తారు. ఈ కొట్టు అద్దె ఎవరు కడతారు? ఆ చీమ అక్షరాలు నేనూ చదవలేదు చెల్లెమ్మా. నిజం చెప్పాలంటే, చదివినా అమ్మేదాన్నే. సరే, పోయిందేదో పోయింది. నీకు కావలసిందెంత?"

"పదమూడు వేలు. గది అడ్వాన్సు. అయిదింటిలోపు కట్టకపోతే ఇంటి ఓనరావిడ ఇంకొకరికి ఇచ్చేస్తుంది."

"గదా? గది నీకెందుకు? మీ అన్నయ్య ఇల్లు అంత పెద్దది."

"పెద్దదే."

"చెల్లెల్ని బంగారంలా చూసుకుంటాడని వీధంతా అంటారు."

"బంగారాన్ని ఎక్కడ పెడతారక్కా? బీరువాలో."

"అదేం మాట చెల్లెమ్మా?"

"నలభై ఒకటి నాకు. ఆ ఇంట్లో ఇంకా బుజ్జినే. టైలరు నా జీతం నాకివ్వడు, అన్నయ్య చేతికిస్తాడు. చెప్పు తెగితే అన్నయ్యని అడగాలి. ఎక్కడ తెగింది, అటెందుకు వెళ్ళావు, అన్నీ చెప్పాలి. కొట్టడు, తిట్టడు. 'నీ మంచికే బుజ్జీ' అంటాడు, అంతే. ఈ మూడొందలు జిప్పులు మార్చి, ప్యాంట్లు పొట్టి చేసి, దొంగచాటుగా కూడబెట్టినవి."

"సరే, సరే. ఏడవకు."

"ఏడవట్లేదు. మిషన్లో తీసుకోనా?"

"రోజుకి నాలుగు వేలే ఇస్తుంది. తీసినప్పుడల్లా అరవై."

"ఇవాళే కావాలక్కా."

"అయితే కార్డు మూసెయ్యాలి. మూస్తే నేనే ఇక్కడ నగదిస్తాను. దానికి నాలుగొందలు."

"మూయడానిక్కూడానా?"

"మనిషికున్నట్టే. పుట్టినా ఖర్చే, పోయినా ఖర్చే."

"నాలుగొందలు పోతే పదమూడు వేల తొంభై. సరిపోతుంది. మూసెయ్యి, త్వరగా."

"మూస్తున్నా... ఉండుండు. మధ్యలో ఇవేంటి? నాలుగొందలు. మళ్ళీ నాలుగొందలు. ఆరుసార్లున్నాయి."

"అదేం చార్జీ?"

"చార్జీ కాదు, పడిన డబ్బు. మార్కెట్ వీధి కొట్టులో వేశారు. నువ్వు కాదూ?"

"నీ కొట్టు తప్ప నేనెక్కడా వేయలేదు. నాలుగొందలు ఒక్కసారిగా కళ్ళచూస్తే కదా వేయడానికి!"

"కార్డుకున్న ఫోన్ నంబరు చెబితే ఎవరైనా వేయొచ్చులే. ఎవరో పొరపాటున కొట్టుంటారు. ఆరుసార్లు పొరపాటు... ఏమో మరి. నీకే మంచిదైంది. అవి లేకపోతే పదమూడు వేలు నీ కంటికి కనబడేవి కాదు. కోడ్ చెప్పు."

"ఏం కోడ్?"

"మూయాలంటే ఫోన్‌కి నాలుగంకెల కోడ్ వస్తుంది. వెళ్ళిపోయింది, చెప్పు."

"నాకు ఫోనెక్కడిదక్కా?"

"మరి ఫారంలో ఉన్న ఈ నంబరెవరిది? చివర ఏడు, ఆరు, ఆరు."

"...అక్కా. అది ఇంటి ఫోను."

"ఇంటి ఫోనా!"

"నంబరు లేకపోతే ఫారం ముందుకి కదలదన్నావ్. నాకు నోటికొచ్చింది అదొక్కటే. కానీ మెసేజ్‌లు వద్దని చెప్పాను. చెప్పానా లేదా?"

"చెప్పావ్. ఆ గడి నొక్కందే ఫారం కదల్లేదు. నొక్కేశాను."

"అంటే?"

"నెలకి ముప్ఫై పడింది చూడు, మెసేజ్‌లకి. నువ్వు వేసినప్పుడల్లా, చూసుకున్నప్పుడల్లా, వాళ్ళు కోసుకున్నప్పుడల్లా ఆ ఫోన్‌కి మెసేజ్ వెళ్ళింది."

"పద్నాలుగు నెలలు..."

"ఫోన్ ఎవరి దగ్గరుంటుంది?"

"పగలు వదిన దగ్గర. సాయంత్రం పనినుంచి రాగానే అన్నయ్య తీసుకుని మొత్తం చూస్తాడు. ఎవరు చేశారు, మేం ఎవరికి చేశాం, అన్నీ. అక్కా, అన్నయ్యకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. తెలిసే ఊరుకున్నాడు."

"కంగారుపడకు. ఇప్పుడు పగలే కదా. వదినకి ఫోన్ చేసి కోడ్ అడుగు."

"ఇవాళ అన్నయ్యకి సెలవు. ఇంట్లోనే ఉన్నాడు. వదిన మాత్రం నాకు చెబుతుందా? ఆ ఇంట్లో నేనెప్పుడు బయటికెళ్ళానో, ఎప్పుడొచ్చానో అన్నయ్యకి అప్పజెప్పేది వదినే."

"ఇంకో దారి లేదు చెల్లెమ్మా. కోడ్ అయిదు నిమిషాలే బతుకుతుంది. ఇదిగో, ఇది పోయింది. ఇంకోటి పంపాలంటే పది."

"పంపు. నీ ఫోనివ్వు. ...అన్నయ్య ఎత్తితే?"

"పెట్టెయ్."

"పెట్టేస్తే ఈ నంబరుకి తిరిగి చేస్తాడు."

"రాంగ్ నంబరంటాను. అబద్ధానికి చార్జీ లేదుగా. చెయ్యి. స్పీకర్లో పెట్టు, అంకెలు నేను కొడతాను."

"...మోగుతోంది."

"హలో?"

"వదినా, నేను..."

"ఆఁ, టైలరు గారా! చెప్పండి."

"టైలరేంటి వదినా, నేను—"

"తెలిసిందండి. బుజ్జి చొక్కాలు పట్టుకుని మీ దగ్గరికే బయల్దేరింది. ...ఏమండీ, టైలరు గారు. గుండీలు ఇంట్లో ఎన్నున్నాయని అడుగుతున్నారు. మీరు పడుకోండి."

"పక్కనే ఉన్నాడా?"

"అవునండి. లెక్క చెబుతాను, రాసుకోండి. తెల్లవి ఎనిమిది."

"వదినా, గుండీలు కాదు, నాకు—"

"చెల్లెమ్మా, నువ్వు నోరు మూసుకో. ఎనిమిది, కొట్టాను. తర్వాత?"

"నల్లవి మూడు. నీలంవీ మూడే. పెద్దవి... పెద్దది ఒకటే ఉందండి."

"ఎనిమిది, మూడు, మూడు, ఒకటి. తిరుగుతోంది... ఇంకా తిరుగుతోంది... పడింది! మూసుకుంది చెల్లెమ్మా! పదమూడు వేల ఎనభై. నగదు తీస్తున్నా, నువ్వు మాట్లాడు."

"వదినా, నీకెలా తెలుసు?"

"ఒక్క క్షణమండి. ...ఏమండీ, గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నట్టుంది, కాస్త చూడండి. ...వెళ్ళారు. అక్కడ ఎవరూ లేరు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి గానీ రారు. విను. మొదటి మంగళవారం నుంచీ తెలుసు."

"మరి అన్నయ్య?"

"వచ్చింది వచ్చినట్టు చెరిపేశాను. స్నానానికెళ్ళినా ఫోన్ పట్టుకునే వెళ్ళాను."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా వదినా! పద్నాలుగు నెలలు నిన్ను చూసి వణికాను."

"చెబితే నీ మొహంలో కనబడిపోయేది. నీ మొహం దాచుకోలేదు బుజ్జీ, ఏదీ దాచుకోలేదు. నన్ను చూసి వణికితేనే ఆయనకి అనుమానం రాదు. నువ్వేమో అక్కడ కూడుతున్నాననుకుంటున్నావ్, వాళ్ళేమో కోస్తున్నారు, ఆ మెసేజ్‌లు చూసి చూసి ఉండబట్టలేకపోయాను."

"ఆ నాలుగొందలు నువ్వా!"

"పాలు తక్కువ పోయించుకుని నీళ్ళు కలిపాను. మీ అన్నయ్య ఆరు నెలలు పాలవాణ్ణి తిట్టారు, పాపం."

"వదినా..."

"ఏడవకు, ఏడుపుకి టైం లేదు. ఇప్పుడెక్కడికి?"

"గది చూశాను. అయిదింటికి డబ్బిస్తే తాళంచెవి ఇస్తారు. మేడ మీద. చిన్నది వదినా, ఒకటే కిటికీ. కుట్టు మిషను పెడితే మంచం పట్టదు."

"తలుపు గడియ లోపలివైపు ఉందా?"

"ఉంది."

"గేటు చప్పుడైంది, వస్తున్నారు. బుజ్జీ, త్వరగా చెప్పు. మంచం లేకపోతే లేకపోయింది... కింద ఇద్దరం పడతామా?"