ఓడ్తీరా సార్?

(కర్ణాటకలో నంది ఊరి బయట, రోడ్డు పక్కన మోరీ కట్ట, అంటే మురుగు కాలువ గట్టు. ఆదివారం పొద్దున. ఐదు కిలోమీటర్ల పరుగులో మూడున్నర దాటినచోట హేమావతి కూర్చుని ఉంది. ఆమె భర్త అంబరీష్ అప్పుడే వచ్చాడు.)

“అది కాదప్పా, ముందు మీ అమ్మ మీద నాకొక కంప్లైంటు ఉండాది. అది వినండి.”

“మా అమ్మ సంగతి తర్వాత. కాలు చూపీ. యా కాలు?”

“ఈ పరుగుకు పేరు రాయించిన దినం, కన్నడ బోర్డులో ఉండేది ఉన్నట్లే చెప్తి. ‘అత్తా, ఓటకు పేరిచ్చినా’ అంటి. పరుగు అని తెలుగులో ఏడిసింటే సరిపోయేది.”

“హేమా, కాలు.”

“ఆమె వీధంతా చెప్పె, మా కోడలు ఓటుకు నిలబడిందని. సుజాతమ్మ వచ్చి యా పార్టీ అని అడిగె. చెన్నరాయప్ప వచ్చి, గెలిస్తే మన వీధి మోరీ బాగు చేయించు తల్లీ అని చెప్పిపాయె. ఇప్పుడు చూడండి, గెలవకముందే మోరీ మీదికొచ్చి కూర్చున్యా.”

“నవ్వొద్దు. అక్కడ ఎవురో చెప్పిరి, ఎర్ర టీషర్టు ఆమె రోడ్డు మీద పడిపాయె అని.”

“ఎర్ర టీషర్టు అందరికీ ఇచ్చిరి కదా. పడింది వేరే ఆమె. లేసి దులుపుకొని పాయె కూడా. నేను పడలేదు, కూర్చున్యా. పడేదానికీ కూర్చునేదానికీ తేడా ఉండాది.”

“ఏంటికి కూర్చున్యావు?”

“అలసిపోతి.”

“అంతేనా?”

“అంతేనా అంటారేమి? పెండ్లయి ఇరవై ఆరేండ్లు. ఇంత దాకా కూర్చోమని ఎవురన్నా చెప్పిరా? మోరీ కనపడె, కూర్చుంటి.”

“ఎదలో నొప్పేమన్నా?”

“లేదు.”

“తల తిరిగిందా?”

“లేదప్పా. మూడో కిలోమీటరు దాటినాక ఊపిరి నా మాట వినలేదు. ముందర ఒక తాత, డెబ్బై ఏండ్లుంటాయి, పంచె ఎగ్గట్టుకొని పోతాండాడు. ఆయన్నైనా దాటల్ల అనుకొంటి. ఆయన తిరిగి చూసి ‘నిదానంగా రామ్మా’ అనె. ఆ మాటకు కాళ్ళు రెండూ రాజీనామా ఇచ్చె.”

“నీళ్ళు తాగు.”

“మీరు ముందు తాగండి. ఏంటికి అంత రొప్పుతాండారు?”

“యాడ రొప్పుతాండా?”

“పరుగెత్తుకొని వచ్చిరా?”

“నేనా? నేనేంటికి పరుగెత్తేది? నడిచే వచ్చినా. నిదానంగా. ద్రాక్ష తోటలు చూసుకుంటా.”

“ద్రాక్ష తోటలు చూసుకుంటా వచ్చినోళ్ళ చొక్కా ఇట్ల తడుస్తాదా?”

“ఎండ.”

“కొండ మీద మంచు ఇంకా విడలేదు, మీకు ఎండ.”

“నాకు ఎండే.”

“సరే. మీ చేతిలో ఉండేది నా చెప్పులు. మీ చెప్పులు యాడ?”

“ఉంటాయి యాడో.”

“యాడోనా?”

“పరుగు ముగిసేచోట ఆర్చి కట్టిండారు చూడు, దాని కింద.”

“విడిచిపెట్టి ఏంటికి వస్తిరి?”

“జారతాండె.”

“నిదానంగా నడిచే మనిషికి జారేంత చెప్పులు!”

“ఇప్పుడు ఆ విచారణ—”

“ఉత్త కాళ్ళతోనా! ఈ రోడ్డు మీద! డాక్టరమ్మ ఏం చెప్పె? షుగరు ఉండేవాళ్ళు ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో తిరగొద్దని చెప్పె గదా? చూపీండి. కాలు చూపీండి.”

“ఏం కాలేదే.”

“గాజు గుచ్చుకొన్యా తెలియని కాళ్ళు మీవి. ఎత్తండి. ఆఁ. ఇంకొకటి.”

“జనం చూస్తాండారు.”

“చూడనీ. ఓటుకు నిలబడినదాన్ని, కాళ్ళు పట్టుకొంటే తప్పేముండాది?”

“ఏమన్నా ఉండాదా?”

“మసి ఉండాది. గాయం లేదు.”

“చెప్తి కదా.”

“మీ నాయన కూడా ఇట్లే ఏం కాలేదు ఏం కాలేదు అని, బొటనవేలితో మొదలై—”

“ఆ మాట వద్దు.”

“వద్దులే. నా చెప్పులు వేసుకోండి.”

“ఆడోళ్ళ చెప్పులా?”

“వాటికి పూలు లేవు, గజ్జెలు లేవు. వేసుకోండి. నాకు బూట్లుండాయి.”

“మడమ బయటికొస్తాది.”

“రానీ. మిగతాదన్నా లోపల ఉంటాది. రేపు డాక్టరమ్మకు ఆ కాళ్ళే కదా చూపించల్ల. పొద్దున బస్సుకు చిక్కబళ్ళాపురం పోవల్ల, గుర్తుండాదా? నెత్తురు టెస్టు.”

“నేను పోను.”

“ఏమి?”

“పోను అంటే పోను. ఈ పొద్దు చెప్పల్లనే అనుకొంటి.”

“ఎందుకప్పా?”

“ఏ మొగం పెట్టుకొని పోయేది? మూడు నెల్లు టైమిచ్చె ఆయమ్మ. నడవండి, షుగరు దిగితే మాత్రలతో సరిపోతాది, లేదంటే ఇన్సులిన్ సూది అనె. నేనేం చేస్తి? నడవడం పనిలేనోళ్ళు చేసే పని అంటి. నువ్వేమో నాకు పరుగు నేర్చుకోవల్లని ఉండాది, తోడు రండి అంటివి. నువ్వు పరుగెత్తితివి. నేను గ్రౌండు బెంచీ మీద కూర్చొని నీ ఫోన్ కాస్తి. ఇంక టెస్టేమి చేసేది? ఫోన్ కాచినందుకు షుగరు దిగుతాదా?”

“భయమా?”

“భయం కాదు.”

“మరేమి?”

“సూదంటే సూది ఒకటే కాదే. మా నాయనకూ సూదితోనే మొదలాయె. దాని వెనక ఏమేమి వచ్చెనో దగ్గరుండి చూసినా నేను.”

“నాకు తెలుసు.”

“తెలిస్తే ఊరికే ఉండు.”

“ఊరికే ఉంటా. గ్రౌండుకు పోయిన మొదటి దినం మాత్రం నాకు మరుపు రాలేదు.”

“ఆ మాట తీయొద్దు.”

“మన చింతామణి గ్రౌండు. డ్రిల్ మేష్టరు రూపేష్ సార్ మిమ్మల్ని చూసి, పాపం, కన్నడలో అడిగె. ‘ఓడ్తీరా సార్?’ అని. పరుగెత్తుతారా అని. మీరేమంటిరి?”

“నిద్రమత్తు అది.”

“‘మేమేంటికి ఓడతాం సార్, మా వంశంలో ఎవురూ ఓడలేదు’ అంటిరి. ఆయన పరుగు అడిగితే మీరు ఓటమి వింటిరి. అమ్మ చెవులే కొడుక్కి. గ్రౌండంతా నవ్వె.”

“కన్నడలో చదివి, కన్నడలో యాపారం చేసేవాణ్ణే. పొద్దున ఐదున్నరకు నాకు తెలుగు తప్ప ఏదీ రాదు.”

“ఆ దినం నేను రెండు రౌండ్లు తిరిగేసరికి వాంతి వచ్చె. నాకేమన్నా పరుగు పిచ్చా? నలభై ఏడేండ్లలో బస్సు వెనక కూడా పరుగెత్తినదాన్ని కాదు, ఇంకొకటి వస్తాదిలే అని.”

“మరి ఏంటికి మొదలుపెడితివి?”

“నా ఫోన్ తీయండి.”

“ఇప్పుడు ఫోన్ ఏంటికి?”

“తీయండప్పా. అడుగులు చూపించే బొమ్మ ఉండాది కదా, దాన్ని నొక్కండి.”

“ఇది నాకు కొత్తనా? రోజూ చూస్తానే ఉండా నువ్వు ఎంత తిరిగినావని. నిన్న ఐదు వేల మున్నూరు. పోయిన ఆదివారం గుడిబండలో పదకొండు వేలు.”

“ఎవురివి ఆ అడుగులు?”

“నీవి.”

“నేను పరుగెత్తేటప్పుడు ఫోన్ ఎవురి జేబులో ఉంటాది?”

“నా జేబులో. పడిపోతాది పట్టుకోండి అంటావు కదా రోజూ.”

“ఆదివారం ఊర్లు తిరిగేటప్పుడు?”

“నా జేబులోనే.”

“మిగతా దినమంతా యాడుంటాది?”

“ఫ్రిజ్ మీద.”

“ఫ్రిజ్ నడుస్తాదా?”

“ఉండు. ఉండు ఉండు. నేను కూర్చొనే ఉంటిని గదా!”

“యా దినం కూర్చున్యారు? మొదటి దినం కూర్చున్యారు. రెండు నూర్ల పది అడుగులు. మరుసటి దినం నేను నీళ్ళ సీసా మర్చిపోతి.”

“అవును. ఇంటికి పోయి తెచ్చిచ్చినా.”

“ఆ పక్క దినం టవలు.”

“తెస్తి. దాని తర్వాత బీగం వేసినామా లేదా అని అనుమానం నీకు. ఎన్నిసార్లు పంపిస్తివి నన్ను, బీగం లాగి చూసొచ్చేదానికి!”

“కైవారంలో?”

“గుళ్ళో గొడుగు పెట్టి వచ్చేస్తివి. బస్సెక్కే టైముకు చెప్తివి.”

“గుడిబండలో?”

“కొండ నెత్తికెక్కినాక, కండ్లద్దాలు కింద ఇడ్లీ హోటల్లో ఉండాయి అంటివి. దిగితి. హోటలాయన బల్లల కింద కూడా వెతికె, పాపం. లేవని మళ్ళా ఎక్కొస్తే—”

“నా బ్యాగులోనే దొరికె.”

“దొరికె అంటావేమే! నువ్వే పెట్టుకొని—”

“అరవొద్దు. కొబ్బరి బోండాలాయన చూస్తాండాడు.”

“అంటే మూడు నెల్లుగా నువ్వు ఏదీ మర్చిపోలేదా?”

“ఒక్కటీ లేదు. ఆఁ, బాగేపల్లి బస్టాండులో మిమ్మల్నే మర్చిపోయి బస్సెక్కితి చూడండి, అది నిజం. ఏమప్పా, కోపమా? తిట్టండి. తిడితే నాకూ సమాధానంగా ఉంటాది.”

“నేను మెడికల్ షాపు భానును అడిగినా.”

“ఏమని?”

“నలభై ఏడేండ్లకే మతిమరుపు జబ్బు వస్తాదా అని. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పె. ముదిరితే ఇంటి మనుషుల్ని కూడా గుర్తు పట్టరు అనె. ఆ పొద్దు నుంచి నిద్ర లేదు నాకు.”

“అయ్యో, మీరు—”

“నువ్వు పొయ్యి మీద పాలు పెడితే వెనకనే వచ్చి నిలబడుతాంటి.”

“మీగడ కోసమనుకొంటి.”

“ఇదో, నా భుజానుండే నీ బ్యాగు తీసుకొని లోపలి జిప్పులో చూడు. చీటీ ఉండాది. నీ పేరు, అంగడి నంబరు. తప్పిపోతే ఎవురన్నా ఫోన్ చేస్తారని.”

“ఇదా? చిల్లర మడిచిండారనుకొంటి.”

“ఈ పొద్దు అందరూ వచ్చేసిరి. ఆ పంచె తాత కూడా వచ్చేసె, మెడల్ వేసుకొని ఫోటో తీయించుకొంటాండె. నువ్వు రాలేదు. దోవ మర్చిపాయెనేమో అనుకొంటి. ఇంత నేరు రోడ్డు, మలుపు కూడా లేదు. అయినా అట్లే అనుకొంటి.”

“అంత దూరం ఆలోచన చేయలేదు నేను. అది నా తప్పు.”

“ఏమంటివి?”

“నా తప్పు అంటి. మిమ్మల్ని నడిపించల్ల అనుకొంటి, భయపెట్టల్ల అనుకోలేదు. చూడండి, చెప్పేసినా. నోరేమీ కాలలేదు, పండ్లన్నీ ఉండాయి. మీరూ ఒకసారి చెప్పి చూడండి. పెండ్లయినప్పటి నుంచి వినల్లని ఉండాది నాకు.”

“నేనేం తప్పు చేస్తి?”

“ఏమీ లేదులే. లెండి.”

“యాడికి?”

“ఇంకా కిలోమీటరున్నర ఉండాది.”

“అక్కడ ఆర్చి పీకుతాండారే. టిఫినుకు పెట్టిన ఉప్పిట్టు కూడా అయిపోయింటాది.”

“పీకనీ. మీ చెప్పులు అక్కడే కదా ఉండేది.”

“ఆటో పిలుస్తా.”

“మీరు ఆటోలో పోండి. నేను ముగించే వస్తా. మీ కోసం మొదలుపెడితి నిజమే, కానీ ఈ పొద్దు మటుకు నా కోసమే వస్తి.”

“మళ్ళా ఊపిరి ఆడకపోతే?”

“మోరీలు చాలా ఉండాయి. ఏమి, నిలబడిపోతిరి? చెప్పులు కరుస్తాండాయా?”

“గుడిబండలో గాలి బాగుండె.”

“ఊఁ.”

“కింద ఆ చెరువు. యాభై రెండేండ్లు ఈ పక్కనే ఉండి చూసింది లేదు నేను. అంగడి, ఇల్లు, అంగడి. రెండోసారి నిన్ను తిట్టుకుంటానే ఎక్కితి కానీ, మధ్యలో ఒక బండ మీద నిలబడి చూస్తి చాలాసేపు. నీకు చెప్పలేదు.”

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“కండ్లద్దాలు పెట్టుకొని పైనుంచి మిమ్మల్నే చూస్తాంటి.”

“నీ యవ్వారం...”

“నడవండి. నడుస్తా మాట్లాడొచ్చు.”

“హేమా, షుగరు దిగింటాదంట్యావా?”

“తెలీదు. దిగొచ్చు, దిగకపోవచ్చు. దిగలేదంటే సూది. సూదైనా సరే, ఐదున్నరకు గ్రౌండే.”

“రేపు ఎన్నింటికి బస్సు?”

“ఏడున్నరకు.”

“నడవడం పనిలేనోళ్ళ పని అంటి నేను.”

“అంటిరి.”

“రూపేష్ సార్ ముందర కూడా అంటి.”

“చింతామణిలో చాలామంది ముందర అంటిరి.”

“అది... తప్పు.”

“ఏమంటాండారు? లారీ పోతాండాది, గట్టిగా చెప్పండి.”

“తప్పు నాది అంటాండా! వినపడెనా? ఓడినా నేను, ఓడినా!”

“కన్నడలోనా, తెలుగులోనా?”

“రెండిట్లోనూ.”